ఇంటర్న్‌షిప్‌లో గుర్రాల మాలీసు, గిట్టలు, షీత్ కడగడం: ఎవరికైనా సరిగ్గా నేర్పారా?

#1 ఇంటర్న్_గోల

అందరికీ నమస్తే. ఇంటర్న్‌షిప్‌లో మాలో కొందరికి గుర్రాల దగ్గర పోస్టింగ్ పడింది. నాలుగున్నరేళ్ళు గేదెలు, గొర్రెలు, కుక్కలు, కోళ్ళతోనే సరిపోయింది. గుర్రాన్ని అనాటమీ పుస్తకంలో చూశాం, పెళ్ళి ఊరేగింపుల్లో చూశాం, అంతే. ఇక్కడికి వచ్చాక పొద్దున్నే సైస్‌లతో (గుర్రాలను చూసుకునేవాళ్ళతో) పాటు లాయంలోకి దిగి బ్రష్ పట్టమన్నారు, గిట్టలు గోకమన్నారు. వచ్చే వారం గెల్డింగ్‌లకు, అంటే విత్తులు తీసిన మగగుర్రాలకు, షీత్ కడగడం ఉందట (మగగుర్రం అంగం ముడుచుకుని ఉండే చర్మపు తొడుగు, గుర్రాలతో పరిచయం లేనివాళ్ళ కోసం చెప్తున్నా).

నా సందేహాలు ఇవి. షీత్ ఎన్నాళ్ళకోసారి కడగాలి? పెద్ద సైస్ నెలకోసారి అంటాడు, పుస్తకంలో ఆర్నెల్లు, ఏడాది అని ఉంది, నెట్‌లో కొందరు అసలు ముట్టుకోవద్దంటున్నారు. దేంతో కడగాలి? ఇక్కడ స్టోర్‌లో క్రిములను చంపే పోవిడోన్ అయోడిన్ స్క్రబ్ డబ్బాలు వరసగా ఉన్నాయి, అదే వాడతారేమో. ఇక మూడోది నాది కాదు, నా రూమ్మేట్‌ది: డాక్టర్ అవ్వబోయేవాడికి మాలీసు పనెందుకు?

#2 కోడిపుంజు_డాక్టర్

ఆ రూమ్మేట్ ఎవరో గానీ మావాడే. నేను పౌల్ట్రీ కంపెనీలోకి పోతున్నా. తన్నని జంతువు, షీత్ లేని జంతువు.

#3 రిమౌంట్_తాత

ముందు రూమ్మేట్ బాబు ప్రశ్నకే వస్తా. నేను ఆర్‌వీసీలో (సైన్యంలోని రిమౌంట్ వెటర్నరీ కోర్) డ్రెస్సర్‌గా చేసి రిటైరయ్యాను, మీరట్‌లోనూ ఉన్నాను. మా దగ్గర కొత్తగా వచ్చిన ఆఫీసర్ సార్లు కూడా పొద్దున బ్రష్ పట్టేవారు. ఎవరూ చిన్నతనం అనుకోలేదు. రోజూ చెయ్యి పెట్టిన గుర్రానికి నిన్న లేని గడ్డ ఇవాళ ఉంటే చెయ్యే చెప్తుంది. జ్వరం వచ్చాక పిలిస్తే వచ్చే డాక్టరుకు ఆ నిన్నటి గుర్రం ఎలా ఉందో తెలీదు కదా.

ఇక పని సంగతి. గుర్రానికి సరిగ్గా ముక్కు ఎదురుగా, సరిగ్గా తోక వెనక కనపడదు. అందుకని భుజం పక్క నుంచి, మాట్లాడుతూ వెళ్ళాలి. కట్టేటప్పుడు ఒక్క లాగుతో ఊడే ముడి వెయ్యి, ఆ ముడిని ఇనప కడియానికి నేరుగా కాకుండా మధ్యలో పురికొస ఉంగరానికి కట్టు. బెదిరి వెనక్కి లాగితే పురికొస తెగాలి, మెడ కాదు.

రబ్బరు కర్రీ కోంబ్ గుండ్రంగా తిప్పితే మట్టి, రాలిన వెంట్రుక పైకొస్తాయి. తరవాత గట్టి బొచ్చున్న డాండీ బ్రష్‌తో వెంట్రుక వాలునే ఊడ్చాలి, ఆ పైన మెత్తటి బాడీ బ్రష్. ఇనప ఖరారా గుర్రం ఒంటికి కాదు, బ్రష్ దులుపుకోడానికి. దీన్ని ఒంటిమీద గీకే సైస్‌లు ఇంకా ఉన్నారు, చూస్తే ఊరుకోవద్దు. మోకాళ్ళ కింద, మోచిప్పల దగ్గర ఎముక మీద చర్మమే ఉంటుంది, అక్కడ చెయ్యి తేలిగ్గా ఉండాలి. కళ్ళకు, ముక్కుకు ఒక స్పాంజి. తోక కింద వేరే స్పాంజి. రెండూ ఒకే రంగువి కొనకండి.

కాళ్ళ దగ్గర పని చేసేటప్పుడు నేలమీద కూర్చోవద్దు, మోకాలు ఆనించవద్దు. వంగే చెయ్యాలి, లేవడానికి టైముండదు.

#4 టర్ఫ్_వెట్

తాతగారికి దండం. దానికి డాక్టరు వైపు నుంచి కొంత చేరుస్తా. నేను థరోబ్రెడ్‌ల (పందెపు గుర్రాల) దగ్గర పని చేస్తాను.

ఇంటర్న్‌లకు నా సలహా: బ్రష్ పట్టే ముందే, గుర్రం నెమ్మదిగా ఉన్నప్పుడే టెంపరేచర్, నాడి, శ్వాస రాసుకోండి. పెద్ద గుర్రానికి విశ్రాంతిలో టెంపరేచర్ 99 నుంచి 101 ఫారెన్‌హీట్, నాడి నిమిషానికి 28 నుంచి 44, శ్వాస 8 నుంచి 16. గేదెల నాడికి అలవాటు పడ్డ చేతికి గుర్రం నాడి మరీ నెమ్మదిగా అనిపిస్తుంది, కంగారు పడొద్దు. నాడి 60 దాటి, గుర్రం కడుపు వైపు తిరిగి చూస్తుంటే మాత్రం బ్రష్ పక్కన పడేసి సీనియర్‌ను పిలవండి. అది శూల.

గిట్ట సంగతి. హూఫ్ పిక్ (గిట్ట గోకే కొక్కెం) మడమ నుంచి గిట్ట ముందు కొన వైపు నడవాలి, మనవైపు కాదు. ఫ్రాగ్‌కు (గిట్ట అడుగున ఉండే మెత్తటి త్రికోణపు భాగం) రెండు పక్కల గాడులు, మధ్యలో చీలిక, ఈ మూడూ శుభ్రంగా కనపడాలి. మధ్య చీలిక లోతుగా ఉండి నల్లటి జిగురు, ముక్కు పగిలే వాసన వస్తే థ్రష్. తడి, పేడ, గాలి తగలకపోవడం, ఇవి కలిస్తే అక్కడ గాలి అక్కర్లేని బాక్టీరియా పండగ చేసుకుంటుంది. ముందు లాయం ఆరబెట్టాలి, ఆ తరవాతే మందు.

గిట్ట పట్టుకున్నప్పుడే వెనక వైపు, ఫెట్‌లాక్ (గిట్ట పైనుండే కీలు) కింద వేళ్ళతో డిజిటల్ పల్స్, అంటే గిట్టకు పోయే నాడి, చూడండి. ఆరోగ్యంగా ఉన్న గుర్రంలో అది దొరకడమే కష్టం. రెండు ముందు కాళ్ళలోనూ ఆ నాడి గంతులేస్తుంటే, గిట్ట వేడిగా ఉంటే లామినైటిస్ (గిట్ట లోపలి పొరల వాపు) అనుకోవాలి. ఒక్క కాల్లోనే ఉంటే చీము పట్టిందేమో, మేకు తప్పు తగిలిందేమో చూడాలి. గిట్టలు చెక్కి లాడాలు మార్చడం ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి. ఈ పని నాల్‌బంద్‌దే, కానీ ఆయన చేస్తున్నప్పుడు పక్కన నిలబడి చూసినంత పాఠం క్లాసులో దొరకదు.

షీత్ గురించి కెంటకీ అక్క చెప్తే బాగుంటుంది. అక్కా, ఉన్నారా?

#5 కెంటకీ_అక్క

ఉన్నాను. ఇక్కడ అమెరికాలో అర్ధరాత్రి, ఫోలింగ్ సీజన్ (గుర్రాలు ఈనే కాలం), నిద్ర ఎలాగూ లేదు.

షీత్ లోపల చర్మపు పొలుసులు, గ్రంథుల జిడ్డు, దుమ్ము కలిసి స్మెగ్మా తయారవుతుంది. అది మామూలు సంగతే, రోగం కాదు. మగగుర్రం అంగం చివర మూత్రనాళం చుట్టూ ఒక పల్లం ఉంటుంది, దానికి పైభాగంలో చిన్న సంచి లాంటి అర. స్మెగ్మా అక్కడ పేరుకుని బూడిదరంగు బంకమట్టిలా గట్టిపడితే బీన్ అంటాం. శనగగింజంత ఉంటే గుర్రానికి తెలియను కూడా తెలియదు. పెద్దదైతే మూత్రనాళాన్ని నొక్కుతుంది.

కడగాలా వద్దా అని క్యాలెండర్‌ను కాదు, గుర్రాన్ని అడగాలి. మూత్రం పోసేటప్పుడు అంగం బయటికి దించడం మానేసిందా? ధార చీలి వెనక కాళ్ళ మీద పడుతోందా? నాలుగడుగుల దూరానికి వాసన వస్తోందా? తోక రుద్దుకుంటోందా? ఇవేవీ లేకపోతే ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చూస్తే చాలు. చాలా గుర్రాలకు సబ్బుతో పనే ఉండదు. స్టాలియన్‌ల (విత్తులు తీయని మగగుర్రాల) కంటే గెల్డింగ్‌లలో ఎక్కువ పేరుకుంటుంది, అవి పూర్తిగా బయటికి దించేది తక్కువ కాబట్టి.

స్టోర్‌లోని ఆ డబ్బాలు అక్కడే ఉండనివ్వండి. పోవిడోన్ స్క్రబ్, క్లోర్‌హెక్సిడిన్ మాటిమాటికీ వాడితే అక్కడ ఉండాల్సిన మంచి సూక్ష్మజీవులు పోయి, ఆ చోటును సూడోమోనాస్, క్లెబ్సియెల్లా లాంటి చెడ్డ బాక్టీరియా ఆక్రమిస్తాయి. బ్రీడింగ్ స్టాలియన్‌లలో ఇది పెద్ద తలనొప్పి, అక్కణ్ణించి మేర్ (ఆడగుర్రం) గర్భాశయానికి చేరతాయి. గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి దూది. మరీ గట్టిగా అంటుకుంటే మినరల్ ఆయిల్ రాసి కాసేపు వదిలేస్తే మెత్తబడుతుంది. సబ్బు తప్పదంటే వాసన లేని తేలికది, కొంచెమే, ఆపైన జిడ్డు మిగలకుండా కడగాలి. మిగిలిన సబ్బు వల్ల వచ్చే మంట అసలు మురికి కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

#6 రిమౌంట్_తాత

డాక్టరమ్మా, మీరు చెప్పింది పచ్చిక మైదానాల్లో తిరిగే గుర్రాలకు సరిపోవచ్చు. మా గుర్రాలు రాజస్థాన్ ఇసకలో, మే నెల ఎండలో పని చేసేవి. దుమ్మంతా లోపలికి పోయి చెమటతో కలిసి ముద్ద కట్టేది. నెలనెలా చూడకపోతే పురుగులు పడేవి. పుస్తకం రాసినాయన మా లాయం చూడలేదు.

#7 కెంటకీ_అక్క

తాతగారూ, మీరు రాసిన మాటే మళ్ళీ చదవండి: "నెలనెలా చూడకపోతే." చూడటానికి నాకు అభ్యంతరం లేదు, వారానికోసారి చూసినా మంచిదే. మూత్రం పోసేటప్పుడు నిలబడి చూస్తే సగం పరీక్ష అయిపోతుంది, ఖర్చు లేదు, తన్ను లేదు. నా గొడవ నెలనెలా సబ్బు పెట్టి తోమడంతోనే.

ఈగల విషయంలో మాత్రం మీదే రైటు. వేడి దేశాల్లో ఈగలు హబ్రోనెమా అనే పురుగు లార్వాను అక్కడి తడి చర్మం మీద వదులుతాయి, మానని పుండ్లు పడతాయి. మనవైపు బర్సాతి అంటారు. ముసలి గెల్డింగ్‌లలో స్క్వామస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ కూడా మొదట్లో అలాంటి చిన్న పుండులాగే ఉంటుంది, ముఖ్యంగా గులాబీరంగు చర్మం ఉన్నవాటిలో. అందుకే అంగం మీద మానని పుండును కడుగుతూ కూర్చోకూడదు, ముక్క తీసి పరీక్షకు పంపాలి.

#8 రిమౌంట్_తాత

నెలనెలా చూసేవాళ్ళం, ఉత్త నీళ్ళతో. సబ్బు సంగతి నేనెప్పుడన్నాను తల్లీ? సరే, ఇద్దరం ఒకటే చెప్తున్నాం.

#9 వెట్_పిల్ల

మీరంతా గెల్డింగ్‌ల చుట్టూనే తిరుగుతున్నారు. ఆడగుర్రం పొదుగు మధ్యలో కూడా అదే నల్లటి జిడ్డు పేరుకుంటుంది, రెండు చన్నుల మధ్య మడతలో. మేర్ తోక రుద్దుకుంటుంటే అందరూ పిన్‌వర్మ్ (పేగు పురుగు) అని మందు పోసేస్తారు, పొదుగు మడతలో వేలు పెట్టి చూసినవాళ్ళు లేరు. తడిగుడ్డతో తుడిస్తే తగ్గిపోయిన గుర్రాలున్నాయి.

ఇంకోటి చెప్పాలి. నేను ఇంటర్న్‌గా ఉన్నప్పుడు ఒకచోట షీత్ కడిగే రోజు అమ్మాయిలను "మీరు రికార్డులు రాసుకోండమ్మా" అని పక్కకు పంపేశారు. మేం అడిగితే "ఇబ్బంది పడతారని" అన్నారు. రేపు మా దగ్గరికి గుర్రం వస్తే ఓనర్‌కు మేం రికార్డు చూపించాలా?

#10 కెంటకీ_అక్క

చెల్లీ, మళ్ళీ ఎవరైనా అలా అంటే గ్లోవ్స్ తొడుక్కుని ముందు వరసలో నిలబడు, వాదించకు. ఇక్కడ మా క్లినిక్‌లో ఈ పని ఎక్కువగా చేసేది ఆడ టెక్నీషియన్లే.

పొదుగు సంగతి భలే గుర్తు చేశావు. తోక రుద్దుడుకు కారణాల వరస ఇలా పెట్టుకోండి: పిన్‌వర్మ్ అయితే మలద్వారం దగ్గర పారదర్శక టేప్ అంటించి మైక్రోస్కోప్ కింద గుడ్లు చూడొచ్చు, పేడ పరీక్షలో అవి సాధారణంగా దొరకవు. జూలు మొదలు కూడా రుద్దుకుంటుంటే క్యులికాయిడ్స్ అనే చిన్న కుట్టే పురుగుల ఎలర్జీ. మగదైతే షీత్, ఆడదైతే పొదుగు. ఆ తరవాత పేలు.

#11 ఊరేగింపు_బాషా

సార్లకు, మేడమ్‌లకు సలాం. నేను డాక్టర్ని కాదు. మాది గుంటూరు, పెళ్ళిళ్ళకు గుర్రాలు, సారట్టు బళ్ళు పెడతాం, మా నాన్న కాలంలో జట్కా ఉండేది. మా మేనల్లుడు ఈ లింకు పంపాడు.

మా తెల్లగుర్రానికి (విత్తులు తీయించిందే, వయసు పదకొండు) ఆ చోట వాచింది. ఈ పోస్టులు చదివి బీన్ అనుకున్నా. గోరువెచ్చని నీళ్ళతో కడిగా, కొంచెం మురికి వచ్చింది, వాపు తగ్గలేదు. ఇప్పుడు పొట్ట కింద కూడా వాపు, వెనక కాళ్ళు బరువెక్కాయి. వేలితో నొక్కితే సొట్ట పడుతోంది. మేత తింటోంది గానీ హుషారు లేదు. ఒకరోజు ఒళ్ళు కాలిపోతుంది, ఇంకోరోజు చల్లగా ఉంటుంది. మళ్ళీ కడగమంటారా?

#12 టర్ఫ్_వెట్

బాషా భాయ్, కడగడం ఆపేయండి. నొక్కితే సొట్టపడే వాపు, పొట్ట కిందికి, కాళ్ళకు పాకడం, వస్తూపోతూ జ్వరం, ఇవన్నీ కలిస్తే అది మురికి కథ కాదు. మన దగ్గర మొదట అనుమానించాల్సింది సర్రా. ట్రిపనోసోమా ఇవాన్సీ అనే పరాన్నజీవి, జోరీగలు కుట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటిస్తాయి. ఇవాళే ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి ఫోన్ చేసి రక్తం తీయించండి. జ్వరం ఉన్నప్పుడు తీసిన రక్తంలోనే అది దొరికే అవకాశం ఎక్కువ, కాబట్టి థర్మామీటర్ పెట్టి ఒళ్ళు కాలుతున్న రోజే పిలవండి. మిగతా గుర్రాలను దూరంగా కట్టండి, వాటికీ పరీక్ష చేయమనండి. ఊరేగింపులకు పంపకండి.

#13 మోడరేటర్

రెండు మాటలు. ఒకటి, బాషాగారికి మందు పేర్లు, డోసులు ఇక్కడ ఎవరూ రాయొద్దు, డాక్టర్ చూసి ఇస్తారు.

రెండు, ఇంటర్న్‌లు దీన్ని కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. ముక్కులోంచి చిక్కటి చీము, చర్మం మీద గొలుసుకట్టుగా పుండ్లు ఉన్న గుర్రం కనపడితే ముఖం తుడవడం, స్పాంజి పెట్టడం అన్నీ ఆపేయాలి. అది గ్లాండర్స్ కావచ్చు, మనుషులకూ సోకుతుంది. ఆ అనుమానం వచ్చిన క్షణమే పశుసంవర్ధక శాఖకు తెలియజేయాలి, 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం అది మన బాధ్యత. నిర్ధారణ హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో జరుగుతుంది. మీ ధనుర్వాతం ఇంజెక్షన్, ముందస్తు రేబీస్ టీకా పూర్తయ్యాయో లేదో కూడా చూసుకోండి. గుర్రానికీ ధనుర్వాతం టీకా ఉందో లేదో అడగండి, ఆ జబ్బుకు గుర్రమంత తేలిగ్గా లొంగే జంతువు మన పశువుల్లో లేదు.

#14 కోడిపుంజు_డాక్టర్

నా కోళ్ళే నయం అనుకుంటున్నా గానీ ఈ చర్చ మాత్రం వదలబుద్ధి కావట్లేదు. ఒక డౌటు. పరిగెత్తి వచ్చిన గుర్రం మీద చన్నీళ్ళు పోస్తే కండరాలు పట్టేస్తాయంటారు, నిజమేనా?

#15 టర్ఫ్_వెట్

కాదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ముందు అక్కడి ఉక్కను తట్టుకోడానికి దీనిమీద బాగా పని చేశారు. వేడెక్కిన గుర్రం ఒళ్ళంతా చల్లటి నీళ్ళు ఆపకుండా పోయడమే మేలని తేలింది. పోసిన నీళ్ళు స్క్రేపర్‌తో లాగుతూ టైము పోగొట్టుకోవద్దు, మళ్ళీ పొయ్యండి. చెమట మీద నురగ చూసి భయపడేవాళ్ళుంటారు. గుర్రం చెమటలో లాథెరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, ఆ నురగ దానిదే. జీను కింద, పట్టీ కింద ఎండిపోయిన చెమట ఉప్పు మాత్రం కడగకుండా మళ్ళీ జీను వేయొద్దు, అక్కడే పుండ్లు పడతాయి.

#16 ఊరేగింపు_బాషా

డాక్టరుగారు వచ్చారు. టెంపరేచర్ 103 దాటింది. రక్తం తీసి అక్కడే స్లైడ్ చూశారు, మీరన్నట్టే సర్రా. ఇంజెక్షన్ ఇచ్చారు, మిగతా రెండిటికీ రక్తం తీసుకెళ్ళారు. మా నాన్నైతే మైలుతుత్తం కలిపి కడిగేవాడు. గిట్టల వాసనకి కూడా అదే పొడి అద్దేవాళ్ళం.

#17 రిమౌంట్_తాత

అల్లా మేలు చేస్తాడు బాషా. తుత్తం పొడి మాత్రం గిట్టలో పచ్చిగా అద్దకు, బతికున్న కండను కూడా కాల్చేస్తుంది. ముందు గోకు, ఆరబెట్టు, ఆ తరవాత మందేదో డాక్టరుగారినే అడుగు.

#18 ఇంటర్న్_గోల

షీత్ రోజు అయిపోయింది, ఎలా జరిగిందో రాస్తా. మొదటి గెల్డింగ్ చాలా నెమ్మది, మత్తు లేకుండానే చేయించుకుంది. దాని ఎడమ భుజం దగ్గర నుంచి మొదలుపెట్టి, చెయ్యి ఒంటిమీద నుంచి తీయకుండా వెనక్కి జరిగి, పక్కటెముకలకు ఆనుకుని నిలబడ్డాం. దూరంగా ఉంటే తన్నుకు బలం చేరుతుంది, దగ్గరగా ఉంటే తోపే తగులుతుంది, ఇది సార్ చెప్పారు. తలకాయ పట్టుకున్నవాడు కూడా మేమున్న వైపే నిలబడ్డాడు. తాతగారి పాఠం ప్రకారం ఎవరూ మోకాలు ఆనించలేదు.

రెండోది ఒప్పుకోలేదు. సార్ జైలజిన్ అనే మత్తుమందు ఇచ్చారు. ఎందుకు ఏస్‌ప్రోమజైన్ కాదు అని అడిగితే, ఏస్‌ప్రోమజైన్‌తో అంగం బయటికి వచ్చి మళ్ళీ లోపలికి పోకుండా ఉండిపోయే ప్రమాదం ఉందని, స్టాలియన్‌లలో ఆ భయం మరీ ఎక్కువని చెప్పారు. మత్తులో తల వేలాడేసి నిలబడిన గుర్రం కూడా గురి చూసి తన్నగలదు, అది మర్చిపోకండి అన్నారు. దానిలో బీన్ దొరికింది, బఠానీ కంటే పెద్దది. రూమ్మేట్ చూపుడువేలితో తీశాడు, రెండు పొరల గ్లోవ్స్‌తో. ఇప్పుడు కనపడిన ప్రతివాడికీ అదే చెప్తున్నాడు.

వెట్_పిల్ల గారూ, మా బ్యాచ్‌లో ఉన్న ఇద్దరు అమ్మాయిలూ చేశారు. మూడోదాన్ని పూర్తిగా వాళ్ళే చూసుకున్నారు.

ఒక కొత్త సందేహం. రెండు గుర్రాల మెడ మీద గుండ్రంగా వెంట్రుక ఊడిన మచ్చలు కనిపిస్తున్నాయి, రింగ్‌వర్మ్ (తామర) అనుకుంటున్నాం. లాయం మొత్తానికీ ఒకటే బ్రష్‌ల సెట్టు ఉంది. ఏం చేయాలి?

#19 వెట్_పిల్ల

థాంక్స్ చెప్పు వాళ్ళకు. మచ్చ అంచు నుంచి వెంట్రుకలు పీకి ఫంగల్ కల్చర్‌కు పంపండి, మధ్యలోవి కాదు. ఆ రెండు గుర్రాలను చివరికి ముట్టుకోండి, గ్లోవ్స్‌తో. వాటి జీను దుప్పట్లు వేరు చేయండి. మనుషులకూ అంటుతుంది, మోచేతుల దగ్గర చూసుకుంటూ ఉండండి.

#20 రిమౌంట్_తాత

బ్రష్‌లు ముందు సబ్బునీళ్ళతో జిడ్డు పోయేలా కడిగి, ఆ తరవాతే మందునీళ్ళలో నానబెట్టాలి. జిడ్డు మీద మందు పని చెయ్యదు. బ్లీచ్ కలిపిన నీళ్ళు చాలు, తరవాత బాగా జాడించి ఎండలో, బొచ్చు కిందికి పెట్టి ఆరేయండి. చెక్క వెనకభాగం ఉన్న పాత బ్రష్‌లు నీళ్ళు పీల్చి పాడవుతాయి, ఆ రెండు గుర్రాలవి అయితే పారేయండి. ఒక్కో గుర్రానికి ఒక్కో సెట్టు కొనమని స్టోర్ వాళ్ళను అడగండి, ఆ స్క్రబ్ డబ్బాలకు పెట్టే డబ్బులు ఎలాగూ మిగులుతాయిగా. డబ్బాల మీద గుర్రం పేరు పెయింటుతో రాయండి, కాగితం అంటిస్తే వారంలో ఊడిపోతుంది.